సముద్రం పొంగిందా, నీళ్ళు కలిశాయా?

వినుకొండ వాళ్ళకి సముద్రం కబుర్లెందుకు అని అడగబోతున్నారు కదూ? అడగండి, తప్పేం లేదు. ఊరికి ఆనుకుని కొండ, కొండమీద రామలింగేశ్వరుడు, చుట్టూ పల్నాటి ఎండ. బిందెడు మంచినీళ్ళ కోసం ఆడవాళ్ళు పడిన పాట్లు ఇక్కడి పెద్దవాళ్ళని అడిగితే ఓ పూటంతా చెబుతారు. మంచినీళ్ళకే ఇంత కటకటగా ఉంటే ఉప్పునీళ్ళ ఊసెందుకు? పటం మీద తిన్నగా గీత గీసినా తీరం చేరడానికి నలభై మైళ్ళకు తక్కువ ఉండదు.

అయినా చుట్టరికం ఉంది. ఒకటి కాదు, మూడున్నాయి. మొదటిది గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, వినుకొండ సీమను పలకరించి, అద్దంకి మీదుగా వెళ్ళి బంగాళాఖాతంలో కలుస్తుంది. వినుకొండ చుట్టుపక్కల కురిసిన వానలో కొంత ఆవిడ చేతిమీదుగా సముద్రానికి సారె వెళ్ళినట్టే లెక్క. రెండోది పల్నాటి సున్నపురాయి. పిడుగురాళ్ళ, మాచర్ల వైపు తవ్వి తీసే ఆ రాయి కోట్ల సంవత్సరాల కిందట ఓ సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురద. పండక్కి గోడలకి మనం కొట్టించే వెల్ల ఒకనాటి సముద్రగర్భమన్నమాట! ఇక మూడోది నాగార్జునసాగరం. దాని సంగతి చివర్లో చెబుతాను. అక్కడే అసలు మెలిక ఉంది.

ముందు వంటింట్లోకి రండి. పొయ్యిమీద పాలగిన్నె ఉంది. పాలు వెచ్చబడుతున్నకొద్దీ మట్టం కాస్త పైకి వస్తుంది. గిన్నె బరువేమైనా పెరిగిందా? లేదు. ఇప్పుడు ఇంకో గిన్నె చూడండి. అందులోనూ పాలు అంతే పైకొచ్చాయి, కానీ పాలవాడు గ్లాసెడు నీళ్ళు పోసినందువల్ల వచ్చాయి. దీని బరువు పెరిగింది. పైనుంచి తొంగి చూస్తే రెండు గిన్నెలూ ఒకలాగే కనబడతాయి. ఎందువల్ల పెరిగిందో తేలాలంటే కింద త్రాసు పెట్టాల్సిందే.

సముద్రం సంగతీ అంతే. సముద్రమట్టం పెరిగిందనడం గిన్నెలోకి తొంగి చూడటం లాంటిది. సముద్రపు అడుగున ఒత్తిడి ఎంతుందో కొలవడం కింద త్రాసు పెట్టడం లాంటిది. అడుగు మీద పడే ఒత్తిడి అంటే మరేమీ కాదు, ఆ చోట నెత్తిన ఉన్న నీళ్ళ బరువూ, ఆ నీళ్ళ మీదున్న గాలి బరువూ కలిపి. మట్టమూ, బరువూ రెండూ తెలిస్తేనే సముద్రం వేడెక్కి పొంగిందో, ఎక్కడినుంచైనా కొత్త నీళ్ళు వచ్చి కలిశాయో చెప్పగలం. ఈ చిన్న ఉపాయం మనుషులకి అందడానికి దాదాపు మూడున్నర శతాబ్దాలు పట్టింది. ఆ కథలో మన కోస్తావాళ్ళ కన్నీళ్ళూ ఉన్నాయి.

గాలికి బరువుందంటే ఒకప్పుడు నవ్వేవారు. 1643లో ఇటలీలో టొరిసెల్లి అనే ఆయన గాజుగొట్టంలో పాదరసం నింపి, దాన్ని పాదరసపు తొట్టిలో బోర్లించి, మన చుట్టూ ఉన్న గాలే ఆ పాదరసాన్ని అంత ఎత్తున నిలబెడుతోందని చూపించాడు. 1648లో ఫ్రాన్సులో పాస్కల్ తన బావగారి చేత అలాంటి గొట్టాన్నే ఓ కొండమీదికి మోయించాడు. పైకెక్కినకొద్దీ పాదరసం దిగింది. పైన గాలి తక్కువ కాబట్టి బరువూ తక్కువ. (బావగార్ల చేత కొండలెక్కించే శాస్త్రజ్ఞులు అప్పుడూ ఉన్నారు.) మన వినుకొండ కొండ ఎక్కి చూసినా అదే జరుగుతుంది, కాకపోతే తేడా చాలా కొంచెం.

ఆ గాలి బరువు సముద్రాన్ని కూడా నొక్కుతుందని గట్టిగా లెక్కకట్టి చెప్పినవాళ్ళలో ఒకరు జేమ్స్ క్లార్క్ రాస్ అనే ఆంగ్లేయ నావికుడు. 1848-49 చలికాలమంతా ఆయన ఓడ ఉత్తరధ్రువం దగ్గర మంచులో చిక్కుకుపోయింది. చేసేందుకు వేరే పనేముంది? రోజూ గాలి ఒత్తిడినీ, నీటిమట్టాన్నీ రాసుకుంటూ కూర్చున్నాడు. గాలి బరువు తగ్గిన రోజున నీళ్ళు లేచాయి. గాలి బరువు పెరిగిన రోజున నీళ్ళు అణిగాయి. పరుపు మీద ఒకచోట కూర్చున్నవాళ్ళు లేస్తే అక్కడ దూది మళ్ళీ ఉబ్బినట్టే. ఇప్పటి లెక్కల్లో చెప్పాలంటే, గాలి ఒత్తిడి ఒక్క మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది.

ఇందులో ఓ తమాషా గమనించారా? గాలి బరువు ఎంత తగ్గిందో సరిగ్గా అంత బరువున్న నీళ్ళు చుట్టుపక్కల నుంచి వచ్చి చేరతాయి. అందువల్ల అడుగున ఉన్న నేలకి మొత్తం బరువులో తేడా తెలియదు. పైన మట్టం లేచింది, అడుగున ఒత్తిడి మారలేదు! ఉమ్మడి కుటుంబంలో ఒక కోడలు పుట్టింటికి వెళితే ఆ పని ఇంకో కోడలి మీద పడుతుంది. మామగారికి మాత్రం ఇంట్లో ఏ మార్పూ కనబడదు. ఇదీ అలాంటిదే.

రేడియోలో "బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్న మాట వినని ఇల్లు ఆంధ్రదేశంలో ఉండదు. వాన పడుతుందా, వడియాలు పెట్టుకోవచ్చా అని ఆలోచిస్తామే తప్ప ఆ మాటకి అర్థమేమిటని ఎప్పుడూ ఆగి చూడం. అల్పపీడనమంటే అక్కడ గాలి బరువు తగ్గిందని. అది ముదిరితే వాయుగుండం, ఇంకా ముదిరితే తుఫాను. ఈ సుడితుఫానుకి ఇంగ్లీషులో సైక్లోన్ అని పేరు పెట్టినాయన హెన్రీ పిడింగ్టన్. కలకత్తాలో ఉంటూ, బంగాళాఖాతపు తుఫానుల లెక్కలు తిరగేసి, 1848లో తన పుస్తకంలో ఆ మాట వాడాడు. ప్రపంచమంతా వాడుతున్న ఆ మాట మన సముద్రం ఒడ్డున పుట్టిందే.

పేరు దొరికినంత మాత్రాన ప్రాణాలు దక్కలేదు. 1864 నవంబరు 1న బందరు మీద ఉప్పెన విరుచుకుపడింది. 30,000 మంది పోయారని లెక్క. ఒకప్పుడు ఓడలతో, అద్దకాల కలంకారీతో కళకళలాడిన రేవు ఆ దెబ్బతో కుంగిపోయింది. నూటపదమూడేళ్ళ తరవాత, 1977 నవంబరు 19న, దివిసీమ. పదివేల మందికి పైగా ఆ ఒక్క రోజున పోయారు. ఆ ఉప్పెన కబురు వినుకొండలో పత్రికల్లో చదివినవాళ్ళూ, గుంటూరు జిల్లా ఇళ్ళలో పాత బట్టలూ బియ్యమూ మూటలుకట్టి పంపినవాళ్ళూ ఇప్పటికీ ఉన్నారు.

ఆ రోజు నీళ్ళు అంత ఎత్తున ఎందుకు లేచాయి? రాస్ చెప్పిన లెక్కే వేసి చూద్దాం. ఆ తుఫాను నడిబొడ్డున గాలి ఒత్తిడి సుమారు 943 మిల్లీబార్లకి పడిపోయిందని అంచనా. మామూలుగా ఆ నెలలో 1,010 దగ్గర ఉంటుంది. తేడా 67. అంటే గాలి బరువు తగ్గినందువల్ల సముద్రం లేచింది 67 సెంటీమీటర్లు, రెండడుగుల పైచిలుకు. కానీ దివిసీమ మీదికి వచ్చింది పదిహేనడుగులు దాటిన గోడ! మిగతాదంతా గాలి తోసిన నీరు. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. గాలి పైనుంచి నీళ్ళని ఒడ్డుకి నెడుతుంటే, లోతున్న చోటైతే కిందనుంచి వెనక్కి జారిపోయేవి. లోతు లేని చోట జారే దారి లేక కుప్పపడి, నేలమీదికి ఎక్కాయి. ఇలా కుప్పపడిన నీళ్ళ బరువు మాత్రం అడుగున ఉన్న నేలకి నిజంగానే తెలుస్తుంది. ఒకే ఉప్పెనలో ఒక భాగం అడుగుకి తెలియనిది, ఇంకో భాగం తెలిసేది. మట్టం ఒక్కటే చూసుకుంటే ఈ రెండూ కలిసిపోయి కనబడతాయి.

మట్టం కొలవడం మనవాళ్ళకి కొత్త కాదు. 1880ల నాటికే విశాఖపట్నం, మద్రాసు వంటి రేవుల్లో ఆటుపోట్ల కొలబద్దలు ఉండేవి. బావిలాంటి గొట్టంలో ఓ తేలుడుబుడ్డి, దానికి కట్టిన కలం, తిరిగే కాగితం. నీళ్ళు లేస్తే కలం లేస్తుంది, దిగితే దిగుతుంది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు లేచిన అలలు ఆ కాగితాల మీద పడ్డాయి. 1883లో జావా దగ్గర క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైనప్పటి అలలూ పడ్డాయి. సునామీ అన్న మాట మన ఇళ్ళలో ఎవరికీ తెలియని రోజుల్లోనే దాని సంతకం మన రేవుల కాగితాల మీద ఉంది. తరవాత మనమే మరిచిపోయాం.

1933లో విశాఖ రేవు తెరిచారు. 1937 నుంచి అక్కడి నీటిమట్టం లెక్కలు ప్రపంచ దఫ్తరాల్లో భద్రంగా ఉన్నాయి. 1950లలో లాఫాండ్ అనే అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, వాల్తేరు కుర్రాళ్ళని వెంటబెట్టుకుని బంగాళాఖాతాన్ని పరిశీలించాడు. విశాఖ ఎదుట సముద్రగర్భంలో లోతైన లోయలున్నాయని తేలితే, వాటికి ఆంధ్ర, కృష్ణ అని పేర్లు పెట్టారు. ఇంకోదానికి యూనివర్సిటీ భూగర్భశాస్త్రపు ఆచార్యులు మహదేవన్ గారి పేరు పెట్టారు. మనకి కొండలకే పేర్లు పెట్టడం తెలుసు. సముద్రం కింద లోయకి కూడా తెలుగు పేరుందంటే ముచ్చటగా లేదూ?

ఆ లెక్కల్లో కనబడిన ఒక విశేషం చెప్పితీరాలి. మన తీరాన సముద్రం ఏడాది పొడుగునా ఒకే ఎత్తున ఉండదు. మార్చి ప్రాంతంలో బాగా దిగి ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బాగా లేచి ఉంటుంది. రెంటికీ తేడా అడుగు పైచిలుకే. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ అన్నీ వానాకాలపు మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి. మంచినీళ్ళు ఉప్పునీళ్ళకంటే తేలిక. తేలిక నీళ్ళు అదే బరువుకి ఎక్కువ చోటు పట్టి ఎత్తుగా నిలబడతాయి. దానికి తోడు ఆ నెలల్లో తీరం వెంట పారే ప్రవాహాలూ నీళ్ళని ఒడ్డు వైపు ఎత్తుతాయి. అంటే తుఫానుల నెలల్లోనే మన సముద్రం అప్పటికే మునివేళ్ళ మీద నిలబడి ఉంటుంది. బందరు ఉప్పెనా, దివిసీమ ఉప్పెనా రెండూ నవంబరులోనే వచ్చాయని గుర్తుందా?

ఇక సముద్రపు అడుగుకి దిగుదాం. పది మీటర్లు దిగితే మనమీద ఇంకో వాతావరణమంత బరువు పడుతుంది. మూడు వేల మీటర్ల లోతున, బొటనవేలి గోరంత చోటులో మూడు వందల కిలోలు! 75 కిలోల ధాన్యం బస్తాలు నాలుగు ఒకదానిమీద ఒకటి వేసి, మొత్తం గోరుమీద నిలబెట్టినట్టు. అక్కడ పెట్టే యంత్రంలో చిన్న పలుగురాయి స్ఫటికం ఉంటుంది. మన చేతిగడియారాల్లో ఉండే క్వార్ట్జ్ లాంటిదే. దానిమీద ఒత్తిడి మారితే అది కంపించే వేగం మారుతుంది. పైన సముద్రం ఒక్క సెంటీమీటరు లేచినా ఆ యంత్రం పసిగడుతుంది. సెంటీమీటరు నీళ్ళంటే ఆ గోరంత చోట ఒక్క గ్రాము. నాలుగు బస్తాల మీద ఎవరో చిటికెడు గింజలు వేస్తే గుర్తుపట్టినట్టు!

మరి పైన ఎగిసిపడే మామూలు అలలు దాన్ని గందరగోళం చెయ్యవా? చెయ్యవు. గాలికి లేచే అలలు పైపైనే ఆడిపోతాయి, అంత లోతుకి వాటి అలికిడి చేరదు. సునామీ అల సంగతి వేరు. దాని పొడవు వందల కిలోమీటర్లు. అడుగునుంచి పై దాకా నీళ్ళన్నీ కదిలిపోతాయి. నడిసముద్రంలో ఓడలో ఉన్నవాళ్ళకి కూడా అది కనబడదు, అడుగుకి మాత్రం తెలుస్తుంది.

2004 డిసెంబరు 26. ఆదివారం, పున్నమి. ఉదయం మన గడియారంలో ఆరున్నరకి సుమత్రా దగ్గర భూకంపం. మన తూర్పుతీరానికి అలలు రావడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ఆ రెండు గంటల్లో ఎన్ని ఊళ్ళు ఖాళీ చేయించవచ్చు! కానీ హిందూ మహాసముద్రపు అడుగున అలాంటి యంత్రం ఒక్కటీ కాపలా లేదు. అప్పుడు అటుగా వెళుతున్న ఒక ఉపగ్రహం నడిసముద్రంలో అల ఎత్తు కొలిచింది. అరవై సెంటీమీటర్లు మాత్రమే! ఆ లెక్క మనుషుల చేతికి అందేసరికి ఆలస్యమైపోయింది. ఒక్క ఆంధ్ర తీరంలోనే 105 మంది పోయారు.

ఆ తరవాత మనదేశం మేలుకుంది. 1999లో హైదరాబాదులో నెలకొల్పిన ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రంలో 2007 అక్టోబరులో సునామీ హెచ్చరికల విభాగం మొదలైంది. బంగాళాఖాతంలోనూ, అరేబియా సముద్రంలోనూ అడుగున ఒత్తిడి కొలిచే యంత్రాలు దింపారు. అడుగునున్న యంత్రం శబ్దం ద్వారా పైన తేలే బోయాకి కబురు చెబుతుంది, బోయా ఉపగ్రహానికి చెబుతుంది, ఉపగ్రహం హైదరాబాదుకి చెబుతుంది. అమ్మలక్కల కబురుకంటే తొందరగా, నిమిషాల్లో. ఇందులో మేలు రెండు విధాలు. నిజంగా అల పుడితే హెచ్చరించవచ్చు. పుట్టకపోతే ఫరవాలేదని చెప్పి జనాన్ని ఇళ్ళకి పంపవచ్చు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. నేల పక్కకి జరిగిందే కానీ పైకి లేవలేదు, అందువల్ల పెద్ద అల పుట్టలేదు. అలాంటప్పుడు ఊరికే నాలుగుసార్లు పరుగెత్తిస్తే, ఐదోసారి నిజంగా వచ్చినప్పుడు ఎవరు కదులుతారు? నాన్నా పులి కథ మన పిల్లలకి మనమే చెబుతాంగా.

ఇప్పుడు పాలగిన్నె దగ్గరికి మళ్ళీ వద్దాం. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది, జానెడు. మొదట ఏడాదికి మిల్లీమీటరు పైచిలుకు, 2006 తరవాత ఏడాదికి మూడున్నర మిల్లీమీటర్ల పైమాట. ఇది పొంగా, కలిపిన నీళ్ళా? దీనికి జవాబు వెతకడానికి 2002 మార్చిలో రెండు జంట ఉపగ్రహాలని పంపారు. ఒకదాని వెనక ఒకటి, 220 కిలోమీటర్ల ఎడంతో పరుగెత్తేవి. వాటిని ముద్దుగా టామ్ అనీ జెర్రీ అనీ పిలిచేవారు. కింద బరువు ఎక్కువున్న చోటికి రాగానే ముందున్నది కాస్త లాగబడుతుంది, ఎడం మారుతుంది. ఆ మార్పుని వెంట్రుక మందంలో చిన్న తునక దాకా కొలిచి, ఆకాశంలోంచే సముద్రాన్ని తూచారు. 2017లో అవి ఆగిపోతే, 2018 మేలో వాటి తోబుట్టువులని పంపారు. ఇంకోపక్క సముద్రంలో రెండు వేల మీటర్లు మునిగి తేలుతూ నీళ్ళ వేడినీ ఉప్పునీ కొలిచే ఆర్గో బుడ్డీలు. మన దేశం వదిలిన వాటి లెక్కలు చూసేదీ హైదరాబాదు కేంద్రమే.

అన్నీ కలిపి తేల్చిందేమిటంటే, 1971 నుంచి 2018 దాకా పెరిగినదాంట్లో సగం వేడికి వచ్చిన పొంగు. ఇంచుమించు మిగతా సగమూ కలిసిన నీళ్ళు. హిమానీనదాలు, ధ్రువాల మంచు కరిగి వచ్చినవి చాలా భాగం, కొంత నేలమీది నీళ్ళ మార్పు. ఇటీవలి ఏళ్ళలో పొంగుకంటే కలిసే నీళ్ళదే పైచెయ్యి అవుతోంది. పొయ్యి తగ్గిస్తే పాలు అణుగుతాయి. కలిసిన నీళ్ళని వెనక్కి తియ్యడం ఎవరి తరం? త్రాసు పెట్టి చూడాల్సిన అవసరం అందుకే.

సాగరం సంగతి చివర్లో చెబుతానన్నాను కదా. ప్రపంచంలోని సముద్రాలన్నీ ఒక్క మిల్లీమీటరు లేవాలంటే 361 ఘన కిలోమీటర్ల నీళ్ళు కావాలి. మన టీయంసీల్లో 12,700కి పైగా. కట్టిన కొత్తలో నాగార్జునసాగరం పట్టేది 408 టీయంసీలు. అంటే సాగరం ఒక్కటీ నిండితే ప్రపంచ సముద్రం మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు దిగినట్టు. నవ్వకండి, చిన్నదే. కానీ పోయిన శతాబ్దంలో లోకమంతటా కట్టిన రిజర్వాయర్లన్నీ కలిపి ఆపిన నీళ్ళు సుమారు 10,800 ఘన కిలోమీటర్లు. అవన్నీ సముద్రంలో ఉండి ఉంటే మట్టం ఇంకో మూడు సెంటీమీటర్లు ఎక్కువుండేది. 1955లో సాగరానికి శంకుస్థాపన చేసినప్పుడు, 1967లో కాలవలకి నీళ్ళు వదిలినప్పుడు, పల్నాటి బీళ్ళు తడుస్తాయని సంతోషించారే కానీ, సముద్రం మీద ఓ పిసరు బరువు దించుతున్నామని ఎవరనుకున్నారు? కుడికాలవ నీళ్ళతో వినుకొండ వైపు పండిన ప్రతి చేనులోనూ ఆ లెక్క ఉంది.

దానికి ఎదురులెక్క కూడా ఉంది. బోర్లు. వేల ఏళ్ళుగా భూమిలో దాగిన నీళ్ళని మోటార్లతో తోడి పారబోస్తే అవి ఆవిరై, వానై, వాగై చివరికి చేరేది సముద్రానికే. టామ్, జెర్రీ తూచిన లెక్క ప్రకారం పంజాబు, హర్యానా, రాజస్థాన్‌లలో 2002 నుంచి 2008 దాకా ఆరేళ్ళలో తగ్గిన భూగర్భజలం 109 ఘన కిలోమీటర్లు. దాదాపు పది సాగరాలు! అది నేలకి నష్టం, సముద్రానికి బరువు. పల్నాడులో బోరు ఎండిపోతే ఇంకో వంద అడుగులు లోతుకి దింపించే ఇళ్ళు మనకి కొత్త కాదు.

రాముడు సీతమ్మ జాడ గురించి విన్న చోటు కాబట్టి వినుకొండ అయిందని మన పెద్దలు చెబుతారు. ఆ కథ మాటెలా ఉన్నా, వినడం మంచి గుణం. 1864లో వినడానికి ఎవరూ లేరు. 1977లో విన్నది ఊళ్ళకి చేరలేదు. 2004లో అడుగున చెవి లేదు. ఇప్పుడు చెవి ఉంది, కబురూ నిమిషాల్లో వస్తుంది. మన ఆడపిల్లల్ని బాపట్లకో, చీరాలకో, బందరుకో, విశాఖకో ఇచ్చి ఉంటాం. ఈసారి అక్టోబరులో రేడియోలోనో టీవీలోనో అల్పపీడనం అన్న మాట వినబడితే, వడియాలు ఎత్తుకున్నాక వాళ్ళకి ఓ ఫోను చేసి, సముద్రం అప్పటికే ఎత్తుగా ఉందనీ, ఖాళీ చెయ్యమన్నప్పుడు సామాన్ల కోసం ఆగవద్దనీ చెప్పండి.